ధ్వనిపెట్టెలోని హోరు



ఇటీవల మన యిండ్లలో ప్రవేశించిన యొక వస్తువును గూర్చియు, అది చేయు నక్కఱలేని చప్పుడును గూర్చియు నేడు మీతో ముచ్చటింపదలచితిని. టెలివిజను ప్రక్కనో, గది మూలనో, మంచము క్రిందనో నల్లని పెట్టె యొకటి యిప్పుడు పల్లెటిండ్లలో సైతము కానవచ్చుచున్నది. దాని పేరు సబ్‌వూఫరు. వాడుకలో వూఫరనియు, బేసు పెట్టెయనియు అందురు. పాటలోని మాటలును, వేణువీణాదుల నాదమును చిన్న పెట్టెలనుండి వెలువడును. డోలు దెబ్బ, మృదంగపు టెడమవైపు మ్రోత, ఉఱుము మొదలగు మంద్రధ్వనులను వినిపించుట మాత్రమే యీ పెద్ద పెట్టెకు పని.

ఆ పని చేసికొనుచున్నంతవఱకు దానితో మనకు పేచీ లేదు. పాట ఆగిన పిమ్మట కూడ అది తేనెపట్టువలె హోరుమనుచుండుటయో, పాట సాగుచుండగా ఇల్లంతయు గలగలలాడుటయో జరిగినప్పుడే చిక్కు. అట్టి సమయమున ఇంటిలోని పిన్నవారు చేయు పనులు మూడు. హోరు వినబడకుండ పాటను హెచ్చించుట మొదటిది. పెట్టెను చఱచుట రెండవది. ఎవరో చెప్పిన మాట విని, ప్లగ్గునకుండు మూడు పిన్నులలో లావుపాటి పిన్నును విఱిచివేయుట మూడవది. మొదటి రెండును వ్యర్థములు; మూడవది ప్రాణాంతకము. ఆ మూడవ పనిని మీ యిండ్లలో ఎవరును చేయకుండ చూడుడని చెప్పుటయే నా ప్రసంగమునకు ముఖ్యోద్దేశము. హోరును మాన్పుటకు వేఱు మార్గములు కలవు. వానిలో పెక్కు మార్గములకు డబ్బుతో గూడ పని లేదు.

మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతములలో ధ్వనియంత్రములను బాగుచేయుట చాలకాలముగా నా వృత్తి. కావున ఆ మూడు ఊళ్లలో నేను చూచిన మూడు ఇండ్ల సంగతులనే ఉదాహరణములుగ గైకొని చెప్పెదను.

ముందుగా పెద్దల పక్షమున నొక మాట. ఇంటిలోని వృద్ధుడు, “రాత్రియంతయు ఆ పెట్టె హోరుమనుచున్నది, నాకు నిద్ర పట్టుట లేదు” అని చెప్పును. కుమారుడు వచ్చి, గది నడుమ నిలిచి, చెవియొగ్గి విని, “ఏమియు లేదు నాయనా, అంతయు నీ భ్రమ” యని వెడలిపోవును. ఇట్టి వివాదమును నేను పెక్కు ఇండ్లలో చూచితిని. చిత్రమేమనగా, ఇద్దఱిలో ఎవరును అబద్ధమాడుట లేదు. కారణము వినుడు.

మన దేశమున ఇండ్లకు వచ్చు విద్యుత్తు 230 వోల్టుల బలము గలది. అది ఒకే దిక్కున ప్రవహింపక, సెకనుకు 50 పర్యాయములు ముందునకును వెనుకకును ఊగుచుండును. యంత్రములోని హోరునకు మూలము ఈ ఊగుటయే. కావున ఆ హోరు సెకనుకు 50 కంపనములు గల ధ్వనిగానో, దానికి రెట్టింపైన 100 కంపనముల ధ్వనిగానో యుండును. గాలిలో ధ్వని సెకనుకు సుమారు 345 మీటర్లు పోవును. కావున 50 కంపనముల ధ్వనియొక్క ఒక్కొక్క అల నిడివి 7 మీటర్లకు కొంచెము తక్కువ. అందులో సగము మూడున్నర మీటర్లు, అనగా 11 అడుగులకు పైచిలుకు. మన యిండ్లలో గదుల వెడల్పు సాధారణముగ 10 అడుగులు మొదలు 12 అడుగుల వఱకు ఉండును గదా! అట్టి గదిలో ఈ హోరు ఒక గోడనుండి మఱియొక గోడకు సరిగా అమరి బలపడును.

పశువుల తొట్టిని నీటితో నింపి ఒక ప్రక్కనుండి ఊపి చూడుడు. రెండు కొనలయందును నీరు లేచి పడుచుండును; నడుమ మాత్రము మట్టము మాఱదు. గదిలోని హోరును అట్టిదే. గోడవార మంచముపై పరుండినవానికి అది మిక్కిలిగా వినవచ్చును. గది నడుమ నిలిచినవానికి ఇంచుమించు వినబడదు. మఱియొక విశేషము. వయసు మీఱిన కొలది చెవి మొదట పోగొట్టుకొనునది పిచ్చుక కిచకిచల వంటి సన్నని ధ్వనులను. మంద్రధ్వనులను వినుశక్తి చాలకాలము నిలిచియుండును. కావున ముసలివారి ఫిర్యాదును త్రోసిపుచ్చక, వారు చెప్పిన చోటనే, వారు పరుండినట్లే పరుండి విని చూడవలెను. పరీక్షకు అదియే ప్రారంభము.

ఇక చప్పుడు ఏ జాతిదో తెలిసికొనవలెను. వైద్యుడు జ్వరమును చూచిన వెంటనే మందీయక అది యేటి జ్వరమో విచారించునట్లు, మనమును మొదట ఒక ప్రశ్న వేసికొనవలెను. పాటను పూర్తిగ ఆపినను చప్పుడున్నదా? పాటతోపాటు వచ్చి పాటతోపాటు పోయిన యెడల దోషము విద్యుత్తులో లేదు. ఏదో వస్తువు అదరుచున్నది. పాట ఆగినను ఒకే శ్రుతిలో ఎడతెగక సాగుచుండిన యెడల అది విద్యుత్తు హోరు. ఉండియుండి చిటపటమనిన యెడల మోటారు పెట్టుటయో, దీపపు స్విచ్చి వేయుటయో, ప్రక్కన సెల్‌ఫోను ఉండుటయో కారణము. ఈ మూడవదానిని గూర్చి ఎక్కువ చెప్పనక్కఱలేదు. ఫోనును పెట్టెకు దూరముగ నుంచవలెను. పెట్టెకు వచ్చు పాట తీగను కరెంటు తీగలతో కలిపి కట్టక ఎడముగ నుంచవలెను. అంతతో పెక్కు చిటపటలు తగ్గును.

మొదటి జాతికి పుంగనూరులోని యొక యిల్లు ఉదాహరణము. ఆ గృహస్థు క్రొత్త పెట్టె కొని తెచ్చెను. మూడవనాటికే అది పగిలినదని నిశ్చయించి దుకాణమునకు మోసికొని పోయెను. అక్కడ అది చక్కగా మ్రోగెను. ఇంటికి తెచ్చినంతనే మరల గలగల మొదలిడెను. దుకాణమువారు మోసము చేసిరని ఆయనకు కోపము. నిష్కారణముగ నిందించెనని దుకాణమువారికి కోపము. నేను వెళ్లి చూడగా, పెట్టె గది మూలలో రెండు గోడల నడుమ ఇఱికించి యుండెను. దానికి పైన గూటిలో ఇత్తడి చెంబులు వరుసగా బోర్లించియుండెను. ప్రక్కన ఇనుప బీరువా. గోడకు అద్దము వేసిన పటములు.

అట్టి చోట చేయవలసిన పరీక్ష మిక్కిలి సులభము. డోలు మ్రోత యెక్కువగా గల పాటను ఒకరు వినిపించుచుండగా, మఱియొకరు ఒక్కొక్క వస్తువుపై అఱచేయి మోపి చూడవలెను. ఏ వస్తువును తాకినప్పుడు గలగల ఆగునో అదియే దోషి. ఆ యింటిలో దోషులు మూడు: రెండు చెంబులు, బీరువా తలుపు. చెంబుల క్రింద పాతగుడ్డ పఱచితిమి. బీరువా తలుపు సందున రబ్బరు ముక్క పెట్టితిమి. పెట్టెను మూలనుండి ఈవలకు జరిపితిమి. ఏలయనగా, మూలలోనుంచిన పెట్టెయొక్క మంద్రధ్వనిని రెండు గోడలును నేలయు కలిసి హెచ్చించును. కల్యాణమంటపమున డోలు వాయించువాడు మూలకు చేరినప్పుడు మ్రోత పెరుగుట మీరెఱిగినదే. పెట్టె కాళ్ల క్రింద మందపాటి రబ్బరు బిళ్లలు పెట్టిన యెడల నేలద్వారమున పోవు అదురు కూడ తగ్గును.

పెట్టెను ఎచ్చట నుంచవలెనో తెలియనిచో దానికిని ఒక ఉపాయము కలదు. మీరు కూర్చుండి వినుచోట పెట్టెను పెట్టి, పాట వేసి, మీరు గోడల వెంబడి తిరుగుచు వంగి వినవలెను. ఎచ్చట మ్రోత సమముగా, శుభ్రముగా వినవచ్చునో పెట్టెను అచ్చట నుంచవలెను. ధ్వనికి రాకపోకలు సమానములు గావున ఈ యుపాయము ఫలించును. ఇట్టి వన్నియు చేసిన పిమ్మట కూడ పెట్టెలోనుండియే గరగర వచ్చిన యెడల లోపలి కాగితపు గొట్టము చిరిగియుండును. అప్పుడు మాత్రమే మరమ్మతు అవసరము. పుంగనూరు గృహస్థునకు ఒక్క రూపాయి కర్చు కాలేదు. కాని ఆయన మరల దుకాణమునకు పోయి ఆ యజమానితో సమాధానపడుటయే నాకెక్కువ సంతోషము కలిగించినది.

ఇక విద్యుత్తు హోరు. దీనికి మదనపల్లె యింటి సంగతి చెప్పెదను. మదనపల్లె సంగీతము నెఱిగిన ఊరు. 1919వ సంవత్సరమున రవీంద్రనాథ ఠాకూరు అచ్చటి దివ్యజ్ఞాన కళాశాలలో అతిథిగ నుండి జనగణమనను ఆంగ్లమున అనువదించిరి. ఆ గీతపు స్వరమును మార్గరెట్ కజిన్సు అక్కడనే వ్రాసియుంచిరి. అట్టి ఊరిలో ఒక సంగీతప్రియుని యింట హోరు ప్రవేశించినది. ఆయనకు తంబుర శ్రుతి తెలియును. “అయ్యా, నా పాటకొక శ్రుతి, ఈ పెట్టెకొక శ్రుతి. రెంటికిని పొసగుట లేదు” అని ఆయన నాతో ననెను.

అట్టిచోట నేను చేయు పరీక్షాక్రమము ఇది. మొదట పెట్టెకు పాటను తెచ్చు తీగను పెట్టెనుండి ఊడదీయుదును. కరెంటు తీగను మాత్రము ఉండనిత్తును. హోరు ఆగిన యెడల దోషము పెట్టెలో లేదు. బయటనుండి ఆ తీగద్వారమున వచ్చుచున్నది. హోరు ఆగని యెడల దోషము పెట్టె లోపల నున్నది. ఈ యొక్క పరీక్షతో సగము పని తీఱును. ఆ యింట తీగ తీయగానే పెట్టె మౌనము వహించినది. కావున తీగను మరల తగిలించి, ఆవలి యంత్రములను ఒక్కొక్కదానినే విడదీయుచు వచ్చితిని. ఫోనును తీసితిని, హోరు పోలేదు. డిస్కులు వేయు యంత్రమును తీసితిని, పోలేదు. టెలివిజను వెనుకనుండి కేబుల్ తీగను ఊడదీయగానే పోయినది. మరల తగిలించితిని, మరల వచ్చినది. ఒక్కసారి చూచి నిశ్చయింపరాదు. తగిలించి, తీసి, రెండు మూడు సారులు చూచిన పిమ్మటనే నిశ్చయింపవలెను.

కేబుల్ తీగ యేమి చేయును? రెండు బావులను భూమిలోపల ఒక గొట్టముతో కలిపినట్లు తలంపుడు. రెండింటి నీటిమట్టమును సమానమైన యెడల గొట్టములో నీరు కదలదు. ఒకదానిలో మట్టము హెచ్చు, మఱియొకదానిలో తక్కువ యైనచో నీరు పాఱుచుండును. మన యింటి యంత్రములకు మన ఎర్తు ఒక బావి. కేబుల్ తీగ వీథిలో మఱియెచ్చటనో భూమిని తాకియుండును. అది రెండవ బావి. రెండు చోట్ల ఎర్తుమట్టమున భేదముండుటచే, నడుమనున్న పాట తీగయొక్క పైతొడుగులో స్వల్పమైన విద్యుత్తు పాఱుచుండును. అది సెకనుకు 50 పర్యాయములు ఊగునది గావున పెట్టె దానిని పాటగ నెంచి పెద్దది చేసి వినిపించును. మంద్రధ్వనులకే పుట్టిన పెట్టె గావున తక్కిన పెట్టెలకన్న దీనిలోనే హోరు ఎక్కువ.

దీనికి మందులు కలవు. టెలివిజను, ఆంప్లిఫయరు, సబ్‌వూఫరు మొదలగునవన్నియు వేఱువేఱు గోడల ప్లగ్గులలో గాక ఒకే బోర్డునకు తగిలించుట మొదటి మందు. అప్పుడు అన్నిటికిని ఒకే బావి యగును. ఇవి స్వల్పమైన విద్యుత్తును తీసికొనునవి గావున బోర్డునకు బరువుండదు; కాని ఇస్త్రీపెట్టెను, నీళ్లు కాచు యంత్రమును ఆ బోర్డునకే తగిలింపరాదు. కేబుల్ తీగకు నడుమ ఐసొలేటరను చిన్న సాధనమును పెట్టుట రెండవ మందు; అది బొమ్మను పోనిచ్చును, హోరు దారిని మూయును. పాట తీగకు నడుమ పెట్టు ఐసొలేషను ట్రాన్సుఫార్మరు మూడవది. చార్జరుకు తగిలించిన ఫోనునుండి పాట విన్నప్పుడు మాత్రమే హోరు వచ్చుచున్నచో చార్జరును తీసివేసి వినుడు. పెక్కు ఇండ్లలో ఇంతమాత్రముననే హోరు నిలుచును. మదనపల్లె యింట ఒకే బోర్డుతో హోరు సగము తగ్గి, కేబుల్ తీగకు ఐసొలేటరు పెట్టగానే పూర్తిగ ఆగినది.

తీగలన్నియు తీసినను హోరు మానని పెట్టెల సంగతి వేఱు. 1938 జూన్ 16వ తేదిన మద్రాసు రేడియో కేంద్రమును, 1948 డిసెంబరు 1వ తేదిన విజయవాడ కేంద్రమును ప్రసారము లారంభించిన కాలపు వాల్వు సెట్లు మీలో కొందఱికి జ్ఞప్తియందుండును. అవి పాతబడిన కొలది హోరుమనుచుండెడివి. ఊగు విద్యుత్తును నిలుకడ గలదానిగ చేయు కెపాసిటరులు లోపల ఎండిపోవుటయే దానికి కారణము. నేటి పెట్టెలలోను అదే కారణము. ఈ హోరు తఱచుగ 100 కంపనములది. శ్రుతిజ్ఞానము గలవారికి అది ఒక స్థాయి పైదిగ తోచును. క్రొత్త కెపాసిటరు వేసిన యెడల బాగగును. కాని పెట్టెను ఇంటివారు విప్పరాదు. ప్లగ్గు తీసిన తరువాత కూడ కెపాసిటరులో విద్యుత్తు కొంతసేపు నిలువయుండి చేతిని కొట్టగలదు. ఆ పనిని తెలిసినవానికి విడువవలెను.

ఇప్పుడు ముఖ్యవిషయమునకు వచ్చుచున్నాను. కుప్పమునకు సమీపమున నొక పల్లెలో ఒక యవ్వ నన్ను పిలిపించినది. ఆమె పెట్టెలో హోరు లేదు. “నాయనా, పెట్టె మాటాడకున్నది గాని, తుడువబోయినప్పుడెల్ల వ్రేళ్లను చీమలు కుట్టినట్లున్నది” అని ఆమె చెప్పినది. నేను ప్లగ్గును చూచితిని. లావుపాటి పిన్ను లేదు. హోరు వచ్చుచున్నదని ఆమె మనుమడు కొన్నాళ్ల క్రితము దానిని విఱిచివేసెనట. హోరు పోయినది, అతడు సంతోషించెను. పిమ్మట లోపలి కరెంటు తీగయొక్క రబ్బరు ఒఱసికొనిపోయి, వెనుకనున్న యినుపరేకును తాకియుండెను. టెస్టరు పెట్టగానే వెలిగినది. ఆ రేకునంతయు ఫేజు ఆవరించియున్నది. నేల పొడిగ నుండుటచే, కాళ్లకు చెప్పులుండుటచే ఆ యవ్వ బ్రతికినది. తడినేలపై వట్టికాళ్లతో నిలిచి తాకియుండిన యెడల నన్ను పిలిపించుట కామె యుండెడిది కాదు.

ఇంటిలో ఎలుకలున్నవని ఇంటికి నిప్పు పెట్టుకొన్నట్లు అను సామెత ఈ పిన్ను విఱుచుటకు సరిగా తగును. పిన్ను విఱిచినచో హోరు ఏల పోవుచున్నది? రెండు బావులలో ఒకదానిని పూడ్చితిమి గావున. కాని ఆ బావియే మన ప్రాణమును కాపాడునది. యంత్రము లోపల ఫేజు తీగ రేకును తాకిన యెడల విద్యుత్తు ఎర్తుదారిన భూమిలోనికి పోవలెను. అట్లు పోవునప్పుడు ఫ్యూజు కాలియో, స్విచ్చి తనంత పడియో కరెంటు ఆగవలెను. లావు పిన్ను తక్కిన రెండింటికన్న పొడవుగ నుండుటకును ఇదియే కారణము: ప్లగ్గు పెట్టునప్పుడు ఎర్తు ముందుగ తగులును, తీయునప్పుడు కడపట విడుచును. ఆ దారి లేనప్పుడు విద్యుత్తు తాకినవాని శరీరమునే దారిగ చేసికొనును. 10 వాట్ల చిన్న దీపము 40 మిల్లీ ఆంపియర్లకు పైబడిన విద్యుత్తును తీసికొనును. అంతకన్న తక్కువయైన 30 మిల్లీ ఆంపియర్లు గుండె లయను తప్పింపగలవు. ఒక దీపము వెలుగుటకు సైతము చాలని విద్యుత్తు ఒక ప్రాణము తీయుటకు చాలునని గుర్తుంచుకొనవలెను.

రెండు పిన్నులతోనే కర్మాగారమునుండి వచ్చు యంత్రములు కొన్ని కలవు. వానికి లోపల రెండు పొరల రక్షణ యుండును. చదరములో చదరము గల గుఱుతు వానిపై ముద్రింపబడియుండును. వానికి ఎర్తు అక్కఱలేదు. మూడు పిన్నులతో వచ్చినదానిని మనము రెండు పిన్నులదిగ చేయరాదని మాత్రమే నా మాట.

మఱి ఎర్తు పిన్ను ఉన్నంతమాత్రమున చాలునా? చాలదు. మన ప్రాంతపు భూమి సంగతి మీకు తెలియును. బోరు వేయించిన ప్రతి రైతును కొన్ని అడుగుల యెఱ్ఱమన్ను తరువాత రాయి తగిలిన సంగతి చెప్పగలడు. కుప్పమున గ్రానైటు గనులే కలవు. విద్యుత్తునకు తడిమన్ను మంచి దారి. ఎండిన మొరపనేల, రాయి చెడుదారి. ఇంటి వెనుక ఒక యినుపకడ్డీ పాతి, దానికి తీగ చుట్టి, ఎర్తు వేసితిమని తృప్తిపడువారు పెక్కుమంది. ఆ కడ్డీ అడ్డము 50 ఓములని యనుకొందము. అప్పుడు 230 వోల్టుల విద్యుత్తు దానిగుండ నాలుగున్నర ఆంపియర్లకు మించి పోజాలదు. 16 ఆంపియర్లకు పడవలసిన స్విచ్చి దానికి చలింపదు. రేకునందు విద్యుత్తు నిలిచియే యుండును. ఎర్తు ఉన్నదని నమ్మినవాడు మోసపోవును.

కావున చేయవలసిన పనులు ఇవి. ఎర్తు గుంటను లోతుగ, నీడగల తడిచోట త్రవ్వించి, గొట్టము చుట్టును బొగ్గును ఉప్పును పొరలుగ వేయించుట మన దేశమున చిరకాలముగ నున్న పద్ధతి. వేసవిలో ఆ గుంటలో అప్పుడప్పుడు నీరు పోయవలెను. మొక్కకు పోయునట్లే దీనికిని పోయవలెను. ఎర్తు యెంత మంచిదో కొలుచు సాధనము కలదు. కంటితో చూచి చెప్పువానిని నమ్మక ఆ సాధనముతో కొలిపింపవలెను. పూర్వము ఇనుప నీళ్లగొట్టమునకు ఎర్తు కట్టెడివారు. ఇప్పుడు గొట్టములు ప్లాస్టికువి గావున ఆ యాచారము పనికిరాదు. ఎర్తు రంధ్రమును న్యూట్రల్ తీగతో కలిపి పని గడుపుకొనువారును కొందఱు కలరు. వీథిలో న్యూట్రల్ తెగిన దినమున ఇంటిలోని ప్రతి యినుపవస్తువును ఫేజగును. కావున అట్లు కలుపుట అపాయకరము.

వీనికి తోడుగ మీటరు దగ్గఱ ఆర్సీసీబీ యను రక్షణ స్విచ్చి పెట్టింపవలెను. ఫేజులో వెళ్లిన విద్యుత్తును, న్యూట్రల్‌లో మరలి వచ్చినదానిని అది ఎల్లప్పుడును సరిచూచుచుండును. 30 మిల్లీ ఆంపియర్లు తక్కువగ వచ్చిన యెడల, ఎచ్చటనో భూమిలోనికో మనిషిలోనికో పోవుచున్నదని గ్రహించి, రెప్పపాటులో కరెంటును ఆపివేయును. రాతినేల గల మన ఊళ్లకు ఇది మఱింత యవసరము. దానిపైనుండు పరీక్షా బొత్తామును నెలకొకమారు నొక్కి, అది పడుచున్నదో లేదో చూచుకొనవలెను. ఆ యవ్వ యింట నేను తీగ మార్చి, మూడు పిన్నుల క్రొత్త ప్లగ్గు వేసితిని. హోరు మరల వచ్చినది. డిష్షునుండి వచ్చు తీగకు ఐసొలేటరు పెట్టగా పోయినది. మనుమడు మొదటనే ఆ పని చేసియుండిన యెడల అవ్వ వ్రేళ్లను చీమలు కుట్టియుండెడివి కావు.

ఇరుగుపొరుగు వారిని గూర్చి ఒక్క మాట. సన్నని ధ్వని గోడకు తగిలి ఆగును. మంద్రధ్వని గోడను దాటి పోవును. మీకు ఇంపుగ నున్న డోలు మ్రోత ప్రక్కయింటి రోగికి గుండెపై రోకటిపోటు కావచ్చును. 2000 సంవత్సరమున కేంద్రప్రభుత్వము చేసిన శబ్దకాలుష్య నియమముల ప్రకారము నివాసప్రాంతములలో ధ్వని పగలు 55, రాత్రి 45 డెసిబెల్లులకు లోబడియుండవలెను. రాత్రి యనగా 10 గంటలు మొదలుకొని ఉదయము 6 గంటల వఱకు. చట్టము మాట యెట్లున్నను, రాత్రివేళ వూఫరు తిరుగుడును తగ్గించి తక్కిన పెట్టెలతో పాట వినుట మర్యాద.

చెప్పినదానిని సంగ్రహించెదను. పాట ఆపి వినుడు. గలగల యైనచో చేయి మోపి దోషిని పట్టుకొనుడు. హోరైనచో పాట తీగను తీసి చూడుడు. ఆగినచో బయటి యంత్రములను ఒక్కొక్కదానిని విడదీసి దారి కనుగొనుడు. ఆగనిచో తెలిసినవానికి అప్పగింపుడు. ఏ సందర్భమునను ఎర్తు పిన్నును ముట్టకుడు.

పెద్దలగు మీకు నాదొక మనవి. మీరీ యంత్రములను విప్పనక్కఱలేదు, తీగలు మార్చనక్కఱలేదు. మీ యింటను, మీకు మాట చెల్లు ఇండ్లను ఒక్కసారి తిరిగి, ప్రతి ప్లగ్గును చూడుడు. రంధ్రములు మూడున్నచోట పిన్నులు రెండే కనబడిన యెడల, పైన చెప్పిన చదరపు గుఱుతు ఆ యంత్రముపై నున్నదో లేదో విచారింపుడు. లేనియెడల ఆ ప్లగ్గును తీయించి, సరియైనది వేయించువఱకు ఆ యంత్రమును ముట్టవలదని పిల్లలతో చెప్పుడు. ఇంటి పెద్ద చెప్పిన మాటకు గల బలము మా వంటి పనివారి మాటకు లేదు. ఇంతటితో విరమించుచున్నాను.